ఊపిరాడటం లేదని ఆమె చెప్పింది

(మహిళల ఆరోగ్య హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే సభలో ఒక స్కానింగ్ యంత్రం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మొదట కాస్త ఆశ్చర్యపోయాను. ఆలోచించిన కొద్దీ ఇది సరైన చోటే అనిపించింది. ఆడవాళ్ళ శరీరం మీద ఏ పరీక్ష జరగాలో, ఏది జరగకూడదో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ నిర్ణయంలో ఆమె చెప్పిన మాటకు విలువ ఎంత? ఈ రెండు ప్రశ్నలూ మనకు కొత్తవి కావు. ఈ రోజు వాటిని ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు, వాటిని కనిపెట్టే సి.టి. స్కాన్ అనే చిన్న విషయానికి పరిమితం చేసి మాట్లాడతాను.

ముందుగా నా తప్పు చెప్పుకుని మొదలుపెడతాను.

1996లో నేను ఒక ప్రభుత్వాస్పత్రిలో హౌస్ సర్జన్ని. ఒక రాత్రి పదకొండు గంటల వేళ ఇరవై రెండేళ్ళ బాలింతని వాళ్ళమ్మ ఆటోలో తీసుకొచ్చింది. సిజేరియన్ అయి పదకొండు రోజులు. పసిబిడ్డ అమ్మమ్మ చేతుల్లో ఉంది. ఆ అమ్మాయి బల్ల మీద కూర్చుని, "ఊపిరాడ్తలేదు డాక్టరమ్మా, కూసున్నా పండుకున్నా గుండె దడదడ కొట్టుకుంటున్నది" అంది. స్టెతస్కోపు పెట్టి చూశాను. ఊపిరితిత్తుల్లో ఏ చప్పుడూ లేదు. జ్వరం లేదు. నాడి నిమిషానికి నూట ఇరవై కొట్టుకుంటోంది. "భయపడకు, బాలింతలకి ఇట్లా బెంగ ఉంటుంది" అన్నాను. చీటీ మీద ఆందోళన అని రాసి, ఒక నిద్రమాత్ర ఇచ్చి పంపించేశాను. వాళ్ళమ్మ ఏదో చెప్పబోయింది. నా వెనకాల ఇంకా ముప్ఫై మంది ఉన్నారు. నేను వినలేదు.

తెల్లవారుజామున బాత్రూముకని లేచి ఆ అమ్మాయి కుప్పకూలిపోయింది. ఆస్పత్రికి తెచ్చేసరికి ప్రాణం లేదు. మా సీనియర్ మేడమ్ వచ్చి, కప్పిన దుప్పటి కాళ్ళ దగ్గర పైకెత్తి చూశారు. ఎడమ పిక్క కుడి పిక్క కన్నా బాగా వాచి ఉంది. "రాత్రి కాళ్ళు చూశావా?" అని అడిగారు. నేను చూడలేదు. రాత్రి వాళ్ళమ్మ చెప్పబోయింది ఆ కాలి గురించే. పోస్ట్‌మార్టం జరగలేదు కాబట్టి ఆమె ఊపిరితిత్తుల్లో గడ్డ పడిందని నేను నిరూపించలేను. కానీ నాకు అనుమానం లేదు.

ఆనాడు మా ఊళ్ళో ఇలాంటి గడ్డని చూపించగల స్కాన్ లేదు. కాబట్టి యంత్రం లేక చనిపోయింది అని చెప్పుకుని తప్పించుకోవచ్చు. కానీ గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ ఇంజక్షను మా ఆస్పత్రి మందుల గదిలోనే ఉంది. లేనిదల్లా నా బుర్రలో అనుమానం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. యంత్రం మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ప్రశ్న పుట్టాలంటే ముందు ఆమె మాట వినాలి.

ఏమిటీ జబ్బు, ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఎందుకు?

కాళ్ళలోనో కటి భాగంలోనో ఉన్న లోతైన సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ తెగి, రక్తంతో పాటు గుండెకు చేరి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల ధమనుల్లో ఇరుక్కుంటుంది. దీన్ని పల్మనరీ ఎంబాలిజం అంటారు. గడ్డ చిన్నదైతే కొంచెం ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, ఒక్కోసారి దగ్గితే నెత్తురు. పెద్దదైతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. గడ్డ ఒకచోట పుట్టి మరోచోటికి ప్రయాణిస్తుందని పందొమ్మిదో శతాబ్దంలోనే జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో చూపించాడు. రక్తం కదలకుండా నిలిచిపోవడం, రక్తనాళం దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం అనే మూడు కారణాలనూ ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటాం.

ఆ మూడు కారణాలూ ఒకేసారి కలిసే సందర్భం ఆడవాళ్ళ జీవితంలో ఒకటుంది. అదే కాన్పు. కాన్పులో ఎక్కువ రక్తం పోకుండా శరీరం ముందునుంచే రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. పెరిగిన గర్భాశయం సిరల్ని నొక్కుతుంది. కాన్పులోనో ఆపరేషన్‌లోనో నాళాలు దెబ్బతింటాయి. కాన్పయిన తర్వాత మొదటి ఆరు వారాల్లో ముప్పు అన్నిటికన్నా ఎక్కువ. ఆ తర్వాత తగ్గినా పన్నెండు వారాల దాకా కొంత మిగిలే ఉంటుంది. మామూలు కాన్పు కన్నా సిజేరియన్‌లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ఇక మన రాష్ట్రాల సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి 21 లేదా 22 కాన్పులు సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో దాదాపు 61. ఇన్ని కోతలు అవసరమా అన్నది వేరే సభలో మాట్లాడుకోవాల్సిన విషయం. కానీ ఇన్ని కోతలు కోసిన వ్యవస్థకి, ఆ తర్వాత వచ్చే గడ్డల మీద కన్నేసి ఉంచే బాధ్యత ఉందా లేదా?

ఇంటికొస్తే మన ఆచారాలు ఎదురుచూస్తుంటాయి. బాలింత మంచం దిగకూడదు. నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు చీము పడతాయట, పొట్ట పెరుగుతుందట. నేను పంపించేసిన అమ్మాయికి పది రోజుల పాటు రోజుకి రెండు గ్లాసుల నీళ్ళిచ్చారని తర్వాత తెలిసింది. ప్రేమతోనే ఇచ్చారు. కదలకుండా పడుకోబెట్టడం, నీళ్ళు తగ్గించడం, రెండూ గడ్డకి దారి చేసేవే.

కాన్పు కాకుండా రెండో సందర్భం మాత్రలు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు గడ్డకట్టే ముప్పుని పెంచుతాయి. ఇందులో భయపెట్టే మాట ఏమీ లేదు, లెక్క చెబుతాను. మాత్రలు వాడని, గర్భం లేని పదివేల మంది స్త్రీలలో ఏడాదికి సుమారు ఇద్దరికి గడ్డ కడితే, లెవోనార్జెస్ట్రెల్ కలిసిన మామూలు మాత్రలు వాడేవారిలో ఐదు నుంచి ఏడుగురికి కడుతుంది. గర్భం వస్తే ఉండే ముప్పు దీనికన్నా ఎక్కువే. కాబట్టి మాత్రలు వద్దని నేననను. చెప్పి ఇవ్వమంటాను. మన ఇళ్ళలో పూజకనో పెళ్ళికనో బహిష్టు వాయిదా వేయడానికి మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునే మాత్రలకీ ఇదే వర్తిస్తుంది. ఎక్కువ మోతాదులో రోజుల తరబడి వేసుకుంటే వాటితోనూ కొంత ముప్పు ఉంది. ఆయాసంతో వచ్చిన పిల్లని డాక్టరు ఈ మాత్రల గురించి అడగాలి. అత్తగారి ముందు కాదు, విడిగా అడగాలి.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తు చేసుకోవాలి. 1970 జనవరిలో అమెరికా సెనేట్‌లో మాత్రల ప్రమాదాలపై విచారణ జరిగింది. సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్ళంతా నిపుణులు. మాత్రలు మింగుతున్న స్త్రీలని ఒక్కరినీ పిలవలేదు. ఆలిస్ వుల్ఫ్‌సన్, ఆమె తోటి మహిళా విముక్తి కార్యకర్తలు విచారణ మధ్యలో లేచి నిలబడి, మా మాట ఎందుకు వినరని అడిగారు. వాళ్ళ ఒత్తిడి వల్లనే మాత్రల పెట్టెలో గడ్డకట్టే ముప్పు గురించిన కాగితం పెట్టాలన్న నిబంధన వచ్చింది. గడ్డల గురించి స్త్రీలకి నిజం చెప్పాలన్నది ఇవాళ మనం కొత్తగా పెడుతున్న డిమాండ్ కాదు.

స్కాన్ ఎలా వచ్చింది, ఏం చేస్తుంది?

1971 అక్టోబరు 1న లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో మొట్టమొదటి సి.టి. స్కాన్ ఒక రోగి తలకి తీశారు. ఆ మొదటి రోగి ఒక స్త్రీ. అప్పట్లో ఒక్క బొమ్మకే నిమిషాలు పట్టేది. ఊపిరితిత్తులు, గుండె నిరంతరం కదులుతుంటాయి కాబట్టి అక్కడి గడ్డని చూడటం సాధ్యమయ్యేది కాదు. అప్పుడున్న దారులు రెండు. ఒకటి, గుండె మీదుగా గొట్టం పంపి ధమనుల ఎక్స్-రే తీయడం. ఇది కచ్చితమైనదే గానీ కష్టం, కొంత ప్రమాదం. రెండోది, రేడియోధార్మిక మందుతో తీసే ఊపిరితిత్తుల స్కాన్. 1990లో వెలువడిన పియోపెడ్ అనే పెద్ద అధ్యయనంలో, ఆ రెండో స్కాన్ తీయించుకున్న వాళ్ళలో ఎక్కువమందికి ఉందనీ లేదనీ తేల్చి చెప్పలేని ఫలితమే వచ్చింది.

తర్వాత రోగి చుట్టూ ఆగకుండా తిరిగే స్పైరల్ సి.టి. వచ్చింది. ఒక్క ఊపిరి బిగబట్టే సమయంలో ఛాతీ అంతా తీయగలిగారు. 1992లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరానికి చెందిన రేడియాలజిస్టు మార్టిన్ రెమీ-జార్డిన్, 42 మంది రోగుల మీద ఈ పద్ధతిని పాత యాంజియోగ్రామ్‌తో పోల్చి చూసి ప్రచురించారు. పెద్ద ధమనుల్లో గడ్డలు కళ్ళకి కనిపించాయి. ఈ పద్ధతికి బాట వేసిన వాళ్ళలో ఆమె ఒక స్త్రీ కావడం మనకి సంతోషమే.

ఇప్పుడు జరిగే పరీక్ష పేరు సి.టి. పల్మనరీ యాంజియోగ్రామ్. చేతి నరంలోకి అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు. ఒంట్లో వేడి పాకినట్టు ఉంటుంది. ఊపిరి బిగబట్టమంటారు. స్కాన్ అయ్యేది కొన్ని సెకన్లలోనే. మందు పారిన ధమనులు తెల్లగా కనిపిస్తాయి. గడ్డ ఉన్నచోట నల్లటి లోపంలా కనిపిస్తుంది. అంతేకాదు, గడ్డ లేకపోతే ఆయాసానికి న్యుమోనియా కారణమా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా అన్నదీ చెబుతుంది. గడ్డ ఉంటే దానివల్ల గుండె కుడి భాగం ఎంత ఒత్తిడిలో ఉందో చెబుతుంది. ఈ ఉపయోగం చిన్నది కాదు.

ఒక విషయం గుర్తు పెట్టుకోండి. 2020, 21ల్లో కరోనా రోజుల్లో అందరూ ఛాతీ సి.టి. తీయించుకుని స్కోరు ఎంత అని అడిగేవారు. అవి చాలావరకు కాంట్రాస్ట్ లేని స్కాన్‌లు. కాంట్రాస్ట్ లేకుండా తీస్తే ధమనిలో గడ్డ సాధారణంగా కనపడదు. "స్కాన్ చేయించాం, ఏమీ లేదన్నారు" అని చెప్పే కుటుంబాలని నేను మొదట అడిగేది, నరంలోకి మందు ఎక్కించి తీశారా అని.

యంత్రం ఎంత నమ్మకమైనది?

2006లో పియోపెడ్ రెండో అధ్యయనం వచ్చింది. గడ్డ నిజంగా ఉన్న నూరుమందిలో 83 మందిని సి.టి. పట్టుకుంది. గడ్డ లేని నూరుమందిలో 96 మందికి లేదని సరిగ్గా చెప్పింది. ఆ తర్వాత యంత్రాలు మెరుగుపడ్డాయి. కానీ ఆ అధ్యయనం చెప్పిన అసలు పాఠం వేరే ఉంది. స్కాన్‌కి ముందే డాక్టర్లు రోగిని చూసి, గడ్డ ఉండే అవకాశం ఎక్కువా తక్కువా అని రాసిపెట్టారు. అవకాశం ఎక్కువని రాసి, స్కాన్ లేదని చెప్పినప్పుడు, నిజంగా లేనిది నూటికి 60 మందికే. అవకాశం తక్కువని రాసి, స్కాన్ ఉందని చెప్పినప్పుడు, నిజంగా ఉన్నది నూటికి 58 మందికే. రెండూ ఒకే మాట చెప్పినప్పుడు మాత్రం ఫలితం నూటికి 96 మందిలో నిజమైంది.

అంటే ఏమిటి? రోగి చెప్పింది విని, కాళ్ళు చూసి, నాడి పట్టి, ఈ మధ్య కాన్పయిందా, ఆపరేషన్ అయిందా, ఇంతకు ముందు గడ్డ కట్టిందా, క్యాన్సర్ ఉందా అని అడిగి తెలుసుకున్న దానికి యంత్రం చెప్పిన మాటతో సమానమైన బరువు ఉంది. కెనడా వైద్యుడు ఫిలిప్ వెల్స్ ఇలాంటి ప్రశ్నలకి మార్కులు వేసి ఒక పట్టిక తయారుచేశాడు. అవకాశం తక్కువని పట్టిక చెబితే డి-డైమర్ అనే రక్తపరీక్ష చేస్తారు. అది మామూలుగా ఉంటే స్కాన్ అవసరమే లేదు. 2006లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 3,306 మందిని ఈ వరసలో చూస్తే, ముగ్గురిలో ఒకరికి దాదాపుగా స్కాన్ తప్పిపోయింది. అలా స్కాన్ లేకుండా, మందు లేకుండా వదిలేసిన వాళ్ళలో తర్వాతి మూడు నెలల్లో గడ్డ బయటపడింది నూటికి అర శాతం మందికే.

డి-డైమర్ గురించి కూడా ఒక హెచ్చరిక. అది మామూలుగా ఉంటే ఊరట. ఎక్కువగా ఉంటే మాత్రం గడ్డ ఉన్నట్టు కాదు. గర్భంలో, కాన్పయ్యాక, ఆపరేషన్ తర్వాత, ఏ జ్వరంలోనైనా అది పెరుగుతుంది. ఎవరికి పడితే వాళ్ళకి డి-డైమర్ చేసి, పెరిగిందని చెప్పి, స్కాన్‌కి పంపడం వైద్యం కాదు.

రెండో వైపు

ఇప్పుడు రెండో స్త్రీ కథ చెబుతాను. 2019లో ఒక బీడీ కార్మికురాలు నా దగ్గరకి వచ్చింది. ఛాతీలో ఎడమవైపు పోటు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రెండు నెలల్లో రెండుసార్లు ఈ స్కాన్ తీశారు. రెండుసార్లూ ఏమీ లేదు. రెండోసారికి పుస్తెలతాడు కుదువబెట్టింది. నేను ఆమె పక్కటెముక మీద వేలితో నొక్కాను. "అమ్మో, అక్కడే!" అంది. రోజంతా వంగి కూర్చుని చాటలో బీడీలు చుట్టే మనిషికి పక్కటెముకల దగ్గర కండరాలు పట్టేయడంలో వింత లేదు. ఆమెకి ఆయాసం లేదు, నాడి మామూలు, కాళ్ళు మామూలు. రెండు స్కాన్‌లు తీసిన చోట ఆమె ఛాతీ మీద ఒక్క వేలు పెట్టిన వాళ్ళు లేరు.

మొదటి అమ్మాయికి అనుమానమే పడలేదు. రెండో ఆమెకి అనుమానించే పని లేకుండానే పరీక్ష జరిగింది. చూడటానికి ఇవి ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి. నా దృష్టిలో రెండూ ఒకటే. రెండు చోట్లా ఆమె మాట ఎవరూ వినలేదు.

అనవసరపు స్కాన్ వల్ల పోయేది డబ్బు మాత్రమే కాదు. అమెరికాలో 1998 నుంచి 2006 వరకు, ఈ స్కాన్ వాడకం పెరిగిన కాలంలో, గడ్డ ఉందని తేల్చిన వాళ్ళ సంఖ్య లక్షకి 62 నుంచి 112కి పెరిగింది. దానివల్ల చనిపోయే వాళ్ళ సంఖ్య మాత్రం లక్షకి 12.3 నుంచి 11.9కి, అంటే నామమాత్రంగా తగ్గింది. 2011లో ఈ లెక్కలు ప్రచురించిన పరిశోధకులు, మనిషికి ఏ హానీ చేయని చిన్న చిన్న గడ్డల్ని కూడా పట్టుకుని వైద్యం చేస్తున్నామేమో అని అడిగారు. ఆ వైద్యం రక్తం పలచన చేసే మందు. బహిష్టు రక్తస్రావం ఎక్కువై, మనలో ఇప్పటికే ఉన్న రక్తహీనత ఇంకా పెరగొచ్చు. కాంట్రాస్ట్ మందు కొందరికి పడదు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకి జాగ్రత్త కావాలి. రేడియేషన్ ఎక్కువగా తగిలేది రొమ్ములకి. వయసులో ఉన్న స్త్రీల రొమ్ము కణజాలం దానికి సున్నితమైనది. ఒక్కసారి అవసరానికి తీయించుకుంటే ఆ ముప్పు చాలా చిన్నది. అవసరం లేకుండా పదేపదే తీయడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు.

కడుపుతో ఉన్నప్పుడు

"కడుపులో బిడ్డ ఉంది, స్కాన్ వద్దు" అని ఇంట్లోవాళ్ళు అంటారు. కొందరు డాక్టర్లూ అంటారు. దీని గురించి స్పష్టంగా చెప్పాలి. ఈ స్కాన్‌లో ఎక్స్-రే కిరణాలు పడేది ఛాతీ మీద. కడుపులో బిడ్డకి చేరేది ఒక మిల్లీగ్రే కన్నా తక్కువ. బిడ్డకి హాని జరుగుతుందని చెప్పే మోతాదు 50 మిల్లీగ్రేల పైన. తల్లి ఊపిరితిత్తుల్లో గడ్డ ఉండి దాన్ని కనిపెట్టకపోతే పోయేది ఇద్దరి ప్రాణాలు. బిడ్డ పేరు చెప్పి తల్లికి పరీక్ష నిరాకరించడం బిడ్డని కాపాడటం కూడా కాదు.

అయితే అందరికీ స్కాన్ అక్కర్లేదు. గర్భంలో కొంత ఆయాసం, కాళ్ళవాపు మామూలే. మామూలుదీ కానిదీ వేరుచేయడం ఎలా? 2019లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్, ఐర్లండ్ ఆస్పత్రుల్లో అనుమానం ఉన్న 498 మంది గర్భిణుల మీద జరిగిన అధ్యయనం దారి చూపించింది. మూడే ప్రశ్నలు. కాలిలో గడ్డ లక్షణాలు ఉన్నాయా? దగ్గితే రక్తం పడుతోందా? అన్నిటికన్నా గడ్డే ఎక్కువ అవకాశమని డాక్టరుకి అనిపిస్తోందా? కాలు వాచి ఉంటే ముందు కాలికి డాప్లర్ అల్ట్రాసౌండ్. దానికి రేడియేషన్ లేదు. అక్కడే గడ్డ దొరికితే ఛాతీ స్కాన్ లేకుండానే వైద్యం మొదలుపెట్టొచ్చు. ఈ ప్రశ్నలకి డి-డైమర్ జోడించి చూస్తే నూటికి 39 మందికి స్కాన్ తప్పింది. చివరికి గడ్డ తేలింది 20 మందికి.

హెపారిన్ బిడ్డకి చేరదు. అనుమానం బలంగా ఉంటే, రక్తస్రావం ప్రమాదం లేకపోతే, స్కాన్ కోసం ఎదురుచూడకుండా హెపారిన్ మొదలుపెట్టాలి. జిల్లా కేంద్రానికి రెండు గంటల ప్రయాణం ఉన్నచోట ఇది ప్రాణం నిలిపే మాట. ఇక బాలింతలకి ఒక మాట. కాంట్రాస్ట్ మందు పాలలోకి వచ్చేది నూటికి ఒక శాతం కన్నా తక్కువ. స్కాన్ తర్వాత పాలు పిండి పారబోయక్కర్లేదు.

చట్టం మన వైపు ఎంత ఉంది?

1992లో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే కూలీ రైలు నుంచి పడి తలకి దెబ్బ తగిలింది. ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి సౌకర్యం లేదని, మంచం లేదని తిప్పి పంపాయి. సి.టి. స్కాన్ బయట 1,310 రూపాయలు పెట్టి తీయించుకున్నాడు. చివరికి ప్రైవేటు ఆస్పత్రిలో చేరాడు. ఆయన తరఫున పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది. అత్యవసర వైద్యం సకాలంలో అందించకపోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కుని ఉల్లంఘించడమే అని చెప్పింది. డబ్బు లేదన్నది ప్రభుత్వం చెప్పుకోదగిన సాకు కాదని కూడా చెప్పింది. ఈ తీర్పు ఆయాసంతో వచ్చిన బాలింతకీ వర్తిస్తుంది.

రెండోది 2008 నాటి సమీరా కోహ్లీ కేసు. పరీక్ష కోసమని మత్తు ఇచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి చేత ఒప్పుకోలు తీసుకుని గర్భాశయం, అండాశయాలు తీసేశారు. సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. పరీక్షకి ఒప్పుకోవడం చికిత్సకి ఒప్పుకోవడం కాదు. యుక్తవయసు వచ్చిన స్త్రీ శరీరానికి ఆమె అనుమతే కావాలి, తల్లిది కాదు. భర్తది కూడా కాదు. "ఆయన వచ్చి సంతకం పెట్టేదాకా స్కాన్ తీయం" అని కౌంటర్ దగ్గర అంటే, ఈ కేసు పేరు చెప్పండి.

2018లో జాతీయ మానవ హక్కుల సంఘం 17 హక్కులతో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. సమాచారం పొందే హక్కు, రికార్డులు తీసుకునే హక్కు, రేట్లు ముందే తెలుసుకునే హక్కు, రెండో అభిప్రాయం అడిగే హక్కు అందులో ఉన్నాయి.

కాబట్టి ఎవరైనా ఈ స్కాన్ రాస్తే అడగండి. నాకు గడ్డ ఉండే అవకాశం ఎంత అనుకుంటున్నారు, ఎందుకు? ముందు రక్తపరీక్షతోనో కాలి డాప్లర్‌తోనో తేలుతుందా? ఫలితం ఏదైతే ఏం చేస్తారు? ఖర్చెంత, ప్రభుత్వ పథకంలో వస్తుందా? రాయకపోయినా అడగండి. గడ్డ కాదని ఎలా అనుకుంటున్నారు, అది చీటీ మీద రాస్తారా? ఈ చివరి ప్రశ్న 1996లో ఎవరైనా నన్ను అడిగి ఉంటే, రాయడానికి ముందు నేను దుప్పటి ఎత్తి కాళ్ళు చూసేదాన్ని. అయితే ప్రాణాపాయం ఉన్నప్పుడు ప్రశ్నల కోసం ఆలస్యం చేయకండి. అకస్మాత్తుగా ఆయాసం, స్పృహ తప్పడం, దగ్గితే రక్తం, వీటిలో ఏదున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

చివరిగా ఒక డిమాండ్

కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్ళి పసిబిడ్డని చూడాలని నిబంధన ఉంది. ఇప్పటికే ఆమె నెత్తిన మోయలేనంత పని ఉంది, దానికి తగిన వేతనం లేదు. ఆ పోరాటంలో మనం ఆమెతో ఉన్నాం. అయినా అడుగుతున్నాను. బిడ్డ బరువు చూసిన చేతితోనే తల్లి పిక్కలు రెండూ ఒకసారి చూడాలి. ఊపిరి ఎలా ఆడుతోందమ్మా అని అడగాలి. ఒక కాలు ఎక్కువ వాచినా, ఆయాసం ఉందన్నా, ఆమెని పంపిన చోట డాక్టరు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని ఆస్పత్రులకి ఆదేశం ఉండాలి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఈ స్కాన్ రాత్రిపూట కూడా ఉచితంగా అందాలి. స్కాన్ లేని ప్రతి ప్రసూతి ఆస్పత్రిలో హెపారిన్, దాన్ని ఎప్పుడు ఇవ్వాలో తెలిసిన మనిషి ఉండాలి. ఈ సదస్సు తీర్మానాల్లో వీటిని చేర్చమని కోరుతున్నాను.

ఆ అమ్మాయి బిడ్డకి ఇప్పుడు ముప్ఫై దాటి ఉంటాయనుకుంటాను. ఆ రాత్రి అమ్మమ్మ చేతుల్లో నిద్రపోతోంది. ఆడపిల్ల. తనకీ కాన్పులు అయి ఉంటాయి. ఆయాసంగా ఉందని తను ఏదో ఒక ఆస్పత్రిలో చెబితే, అక్కడున్న డాక్టరు నాకన్నా మంచి డాక్టరై ఉండాలన్నదే నా కోరిక.